అవతలి ఒడ్డు అరుపు

నల్లచెలమ అడవిలో పాలవాగుకు ఇటూ అటూ రెండు దుప్పుల మందలు ఉండేవి. పొదల్లో చిరుత, గుట్టల్లో తోడేళ్లు. వాటన్నిటికీ పెద్ద దిక్కు ఒక ముసలి ఏనుగు.

దుప్పులకు ఒక కట్టుబాటు ఉండేది. ఒక మంద నీళ్లు తాగుతుంటే ఎదుటి ఒడ్డు మంద కాపలా కాసి, ముప్పు కనబడితే అరవాలి. తల వంచినవారి వెనక ఏముందో ఎదుటివారికే కదా కనిపించేది!

ఆ యేడు ఏనుగు చనిపోయింది. ఇక చిరుత, తోడేళ్లు నేనంటే నేనే పెద్దనని బయలుదేరాయి.

చిరుత పడమటి మంద నాయకుడు ఎర్రకొమ్ము దగ్గరకొచ్చింది. "కొమ్ములకు ఎర్రమన్ను పూసుకునే మీరే అసలైన దుప్పులు. వాగంతా మీ తాతలది. నీకు నేనున్నాను, పో!" అంది. తూర్పు మందకు తోడేళ్లూ అదే పాట పాడాయి.

అంతే, ఎర్రకొమ్ము కళ్లు నెత్తికెక్కాయి. "అవతలివాళ్ల అరుపు విన్నవాళ్లు ద్రోహులు!" అని చాటాడు.

ఆ మందలో చెంగలి అనే తల్లి దుప్పి ఉంది. దాని చెల్లెలు పొగడ ఉన్నది అవతలి ఒడ్డునే.

"అన్నా, వాళ్లూ దుప్పులే కదా?" అంది.

"నోర్ముయ్! మన్ను పూసుకోనివాళ్లు దుప్పులేమిటి?" అని కసిరాడు ఎర్రకొమ్ము.

మర్నాడు పొద్దున్నే రెండు మందల పోతు దుప్పులన్నీ వాగులోకి దిగి కలబడ్డాయి. కొమ్ములు విరిగాయి. నీళ్లు ఎర్రబడ్డాయి. కాపలాకు ఒక్కరూ లేరు.

అప్పుడు అవతలి ఒడ్డు నుంచి పొగడ గొంతు చించుకుని అరిచింది.

"అది వాళ్ల ఎత్తు! ఎవరూ కదలొద్దు!" అన్నాడు ఎర్రకొమ్ము.

చెంగలి బిడ్డ వైపు చూసింది. నమ్మితే ద్రోహి. నమ్మకపోతే బిడ్డ దక్కదేమో! కానీ అది చిన్నప్పటి నుంచీ తనను కాచిన గొంతు. బిడ్డను మూతితో నెట్టుకుంటూ పరుగందుకుంది. మరికొన్ని తల్లులూ వెంట పరుగెత్తాయి.

పొదల్లోంచి చిరుత దూకింది.

"నిన్ను నమ్మానే!" అన్నాడు ఎర్రకొమ్ము.

చిరుత అతని మెడ పట్టుకుంది. అవతల తోడేళ్లూ తమ పని కానిచ్చాయి.

రెండు మందల్లోనూ సగం కూడా మిగల్లేదు. సాయంత్రం చెంగలి భయంభయంగా వాగు దగ్గరకొచ్చింది. బిడ్డ నాలుక పిడచగట్టుకుపోయింది. ఎదుటి ఒడ్డున పొగడ కుంటుతూ వచ్చి నిలబడింది.

"తాగక్కా, నేను చూస్తుంటాను" అంది.

బిడ్డతో పాటు చెంగలి తల వంచింది.

నీతి: పొరుగువాడు పరాయివాడని నూరిపోసే బలవంతుణ్ణి నమ్మితే, ఆపదలో మనల్ని హెచ్చరించే గొంతునే పోగొట్టుకుంటాం.