గిన్నెలు చదివిన గున్నమ్మ

ఊళ్లకింకా పేర్లు పెట్టని రోజుల్లో, ఏళ్లనింకా ఎవరూ లెక్కపెట్టని రోజుల్లో, కొండ కింద ఒక వైద్యుడి ఇల్లుండేది. ఆ ఇంట్లో ఎంగిలి గిన్నెలు తోమే మనిషి గున్నమ్మ. పొద్దున తోమేది, మధ్యాహ్నం తోమేది, సాయంత్రం తోమేది. ఆమెను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఆమె కూడా ఎవరికీ ఏమీ చెప్పేది కాదు.

ఆ వైద్యుడి దగ్గర రాచపుండును కాల్చే మందుండేది. మూడు అమావాస్యలకు మూడు మోతాదులు. మూడూ తాగితే మనిషి నిలబడేవాడు. ఒకటి తప్పినా పుండు తిరగబెట్టేది. కానీ ఆ మందుకు మంచీ చెడూ తెలియదు. పుండుతోపాటు నోరు కాల్చేది, కడుపు తిప్పేది, జుట్టు రాల్చేది.

ఒకసారి నేతవాళ్ల కోడలు రాజులమ్మ రాచపుండుతో వచ్చింది. వెంట అత్త అప్పలనరసమ్మ. మొదటి మోతాదు తాగిందో లేదో రాజులమ్మ మంచం పట్టింది.

అత్తకు కోడలంటే ప్రాణం. మంచం పక్కనే పొయ్యి పెట్టింది. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వేసి పోపు పెట్టింది. ఇత్తడి గిన్నె నిండా అన్నం, పైన నెయ్యి.

“తినవే తల్లీ. తినకపోతే బలమెక్కడినుంచి వస్తుంది?”

రాజులమ్మ ముఖం తిప్పుకుంది. గిన్నె నిండుగానే గున్నమ్మ దగ్గరకొచ్చింది. మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే.

మూడోనాడు రాజులమ్మ అంది, “అత్తా, ఇంటికి పోదాం. ఇంక ఆ మందు తాగను. నన్ను చంపితే ఆ పుండే చంపనీ.”

వైద్యుడు వచ్చి నాడి చూశాడు. “నాడి బాగానే ఉందే,” అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

గున్నమ్మ బావి దగ్గర గిన్నెలు ముందేసుకుని చూస్తూ ఉండిపోయింది. ఇత్తడి గిన్నె నిండుగా ఉంది. అత్త మజ్జిగనీళ్లు పోసిచ్చిన ఆకుదొన్నె మాత్రం ఖాళీ. చేతులు తుడుచుకుని, ఎవరూ పిలవకుండానే లోపలికి పోయింది.

“అమ్మా, ఏది దిగింది?”

రాజులమ్మ కళ్లు తెరిచింది. ఎందుకు తినలేదని అందరూ అడిగారు గాని, ఏది గొంతు దిగిందని ఒక్కరూ అడగలేదు.

“దొన్నెలోది. ఇత్తడిదైతే ఇనపమేకు నాకినట్టుంది. ఆ పోపు వాసనకే పేగులు పైకొస్తున్నాయి.”

గున్నమ్మ అత్తవైపు తిరిగింది. “వదినా, పొయ్యి పెరటి చివరికి మార్చు.”

“గిన్నెలు తోముకునేదానివి, నాకు వంట నేర్పుతావా?”

“నీ వంటకేం వదినా. మూడురోజులుగా కుక్క తింటోంది. బాగా ఒళ్లు చేసింది.”

రాజులమ్మ నవ్వబోయి, పెదవి చురుక్కుమని ఆగింది. కోడలి ముఖంలో నవ్వు చూసి అత్త పొయ్యి ఎత్తింది.

గున్నమ్మ జావ కాచింది. తొలిసారి వేడిగా తెచ్చింది. నోరు మండి రాజులమ్మ దొన్నె తోసేసింది. “తప్పు నాదే,” అని గున్నమ్మ జావను తడిగుడ్డ చుట్టిన కుండలో చల్లార్చింది. మూడు గుక్కలు పట్టింది. కాసేపాగి మూడు గుక్కలు. ఇంకాసేపాగి మూడు గుక్కలు. మధ్యమధ్య గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించమంది. ప్రతిసారీ ఒకటే మాట, “ఏది దిగింది?”

రెండో అమావాస్యకు రాజులమ్మ రెండో మోతాదు తాగింది. ఈసారి జుట్టు పోయింది. తలగడంతా జుట్టే. గోడవైపు తిరిగి పడుకుని, ఇక లేవనంది. గున్నమ్మ ఉతికి ఉతికి మెత్తబడ్డ తన పాత చీర చింపింది. ఒక ముక్క రాజులమ్మ తలకు కట్టింది. ఒక ముక్క తన తలకు కట్టుకుంది. మూడో ముక్క చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

అప్పలనరసమ్మ చెయ్యి చాచి, “ఇటివ్వు,” అంది.

మూడో అమావాస్యకు తలగుడ్డలు కట్టుకున్న ముగ్గురాడవాళ్లు వైద్యుడి ముందు కూర్చున్నారు. రాజులమ్మ మూడో మోతాదు తాగింది. నిలబడింది. వేసవి రాకముందే మళ్లీ నేయడానికి మగ్గం గుంటలోకి దిగింది.

“నేను నాడి చూశాను, నువ్వు గిన్నె చూశావు,” అన్నాడట వైద్యుడు గున్నమ్మతో. ఆనాటినుంచి ఆయన నాడి పట్టుకునే ముందు రోగి ఎంగిలి గిన్నె తెప్పించుకుని చూసేవాడట.

గున్నమ్మ ముసలిదై కన్నుమూసింది. ఆమెకు గుడి లేదు, రాయి లేదు. కానీ ఆ కొండ కింద ఇళ్లలో ఇప్పటికీ రోగి మంచం దగ్గర పోపు పెట్టరు. జుట్టు రాలినవాళ్ల తలకు కొత్తగుడ్డ కట్టరు, ఇంట్లో పెద్దామె పాత చీర చింపి కడతారు. గిన్నె తీసేటప్పుడు, ఎందుకు వదిలేశావని ఎవరూ అనరు. గిన్నెలోకి ఒకసారి చూసి, మెల్లగా, “ఏది దిగింది?” అంటారు.

ఒక్క గుక్క దిగిందంటే చాలు. “ఆ మాట గున్నమ్మ విన్నది,” అనుకుని, గిన్నె కడగడానికి పోతారు.