నడిబండ మీది పలకరింపుల తల్లి

రేగుమిల్లి రేవులో నిలబడి చూస్తే గోదావరి మధ్యలో ఏనుగు వీపులాంటి నల్లటి బండ కనిపిస్తుంది. దానినే నడిబండ అంటారు. బండ మీద పెంకుల కప్పు వేసిన చిన్న గుడి, గుడిలో తూర్పు ముఖంగా పలకరింపుల తల్లి. మూర్తి మూరెడు ఎత్తుకు మించదు. అమ్మవారి చేతిలో శూలం లేదు, కత్తి లేదు, కాలి కింద రాక్షసుడూ లేడు. ఒక కాలు మడిచి, రెండో మోకాలి మీద మోచేయి ఆనించి, చెంపకు చెయ్యి చేర్చుకుని, ఎదుటివాళ్ళు చెప్పేది వింటున్నట్టు కాస్త ముందుకు వంగి కూర్చుని ఉంటుంది. బండకు దిగువన పెద్ద సుడి ఉంది. వేసవిలో కూడా అది తిరుగుతూనే ఉంటుంది. అందుచేత రేవు తెలిసినవాళ్ళ పడవలో తప్ప దర్శనానికి వెళ్ళకూడదు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. బండ, సుడి మాత్రమే ఉండేవి. ఆ రోజుల్లో పోలయ్య అనేవాడు ఈ రేవులో పడవ నడిపేవాడు. ఎగువ నుంచి వచ్చి ఇక్కడ గుడిసె వేసుకున్న మనిషి. అతనికి భార్య నూకాలు తప్ప నా అన్నవాళ్ళు లేరు. పెళ్ళివాళ్ళనూ, పురుటికి వెళ్ళే ఆడపిల్లలనూ, చావు కబురు విని పలకరించడానికి వెళ్ళే చుట్టాలనూ అందరినీ దాటించేది అతనే. ఏడుస్తూ పడవ ఎక్కినవాళ్ళను చూస్తే ఆ పూట పడవ తోసే గెడ నెమ్మదిగా వేసేవాడు.

ఒక ఏడు ఊళ్ళో మశూచి వచ్చింది. నూకాలు పడిపోయింది, మళ్ళీ లేవలేదు. ఆ కాలంలో అమ్మవారు పోసిన ఇంటి గడప ఎవరూ తొక్కేవారు కారు. భార్యను తానే మోసుకెళ్ళి, తానే గొయ్యి తీసి, తానే మట్టి కప్పి వచ్చాడు పోలయ్య. కొన్నాళ్ళకు జబ్బు పోయింది. గుమ్మాలకు కట్టిన వేపమండలు తీసేశారు. సంతలు మళ్ళీ సాగాయి. కానీ పోలయ్య వాకిట్లోకి వచ్చి ‘ఎలా జరిగింది నాయనా’ అని అడిగిన మనిషి ఒక్కరు లేరు. పడవ ఎక్కేవాళ్ళు ఎప్పటిలాగే ఎక్కారు. ఆలస్యమయిందని ఎప్పటిలాగే కసిరారు.

బతకాలని లేకుండా పోయింది అతనికి. అయితే ఒంటరిగా పోవాలని కూడా అనిపించలేదు. తాను పోయిన మర్నాడే ఇంకొకడు గెడ పట్టుకుంటాడు, రేవు రేవులాగే ఉంటుంది, ఊరి మునసబు గొడుగు వేసుకుని పడవ ఎక్కుతాడు. నూకాలు పోయినప్పుడు కదలనివాళ్ళు తాను పోతే మాత్రం కదులుతారా? ఆ ఆలోచనే అతని లోపల కుంపటిలా రాజుకుంది. తన దుఃఖం తనతోనే నీళ్ళపాలు కావడం భరించలేక, ఊరిని కూడా అందులోకి లాగాలనుకున్నాడు.

అతనికి దయ్యం పట్టిందని ఈ క్షేత్రం గురించి చెప్పేవాళ్ళు కొందరు అంటారు. అది తప్పు. ఏ దయ్యమూ పట్టలేదు. దయ్యం మీదికి నెట్టేస్తే అతను చేయబోయిన పాపమూ ఉండదు, ఊరు చేసిన తప్పూ ఉండదు. రెండూ ఉన్నాయి కనుకనే ఇక్కడ గుడి ఉంది.

అవతలి ఒడ్డున తీర్థం జరిగే రోజు వచ్చింది. మునసబు బుల్లిరాజు, కిరాణా కొట్టు వరహాలు శెట్టి, పోలయ్య పక్క గుడిసెలో ఉండే అచ్చియ్యమ్మ, ఇంకా ఊళ్ళోవాళ్ళు పడవ నిండా ఎక్కారు. తల నెరిసిన ముసలమ్మ ఒకతె చిన్న మూటతో చివర కూర్చుంది. పడవ బండకు ఎగువన నడిఏటికి చేరగానే పోలయ్య గెడ పైకి లాగి, రెండు చేతులతో నీటి మీదకు చాపి పట్టుకున్నాడు. పడవ ప్రవాహం లాగినట్టల్లా పోసాగింది.

“ఏరా, గెడ ఎత్తేశావేంటి? సుడిలోకి పోతున్నాం!” అని అరిచాడు మునసబు.

“పోదాం దొరా. ఇవాళ అందరం కలిసే పోదాం. ఎవరైనా దగ్గరికొస్తే గెడ వదిలేస్తాను.”

పడవలో గగ్గోలు పుట్టింది. తిట్టినవాళ్ళు తిట్టారు, దండం పెట్టినవాళ్ళు పెట్టారు. శెట్టి వణుకుతూ, “నా వెండి మొలతాడు ఇచ్చేస్తానురా, తీసుకో,” అన్నాడు.

“కట్టుకునే మునుగు శెట్టీ. అడుగున బేరాలు లేవు.”

ముసలమ్మ మాత్రం అరవలేదు. కూర్చున్నచోటు నుంచే మెల్లగా జరుగుతూ ముందుకు వచ్చి, చెంపకు చెయ్యి చేర్చుకుని అతని వైపు చూసింది.

“నీ తలకి నూనె తగిలి ఎన్నాళ్ళయిందో. ఇంట్లో ఎవరు పోయారు బాబూ?”

పోలయ్య ఆ మాట కోసం ఎంతకాలంగా ఎదురుచూస్తున్నాడో ఆ క్షణంలోనే అతనికి తెలిసింది.

“నా పెళ్ళాం.”

“పేరేంటి?”

“వీళ్ళని అడుగు. చెబుతారేమో చూద్దాం.”

మునసబు శెట్టి వైపు చూశాడు. శెట్టి తల దించుకున్నాడు. ఊళ్ళో ఆమెను పడవోడి పెళ్ళాం అనడమే తప్ప పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. చివరికి అచ్చియ్యమ్మ నోరు విప్పింది.

“నూకాలు. మా దొడ్లో మునగాకు కోసుకుపోయేది.”

“పేరు తెలుసు కదా! మరి రాలేదేం?” అని గర్జించాడు పోలయ్య.

“మొదట అమ్మవారికి భయపడ్డాను. తర్వాత నీ మొహం చూడ్డానికి భయపడ్డాను. రావలసింది. రాలేదు.”

పడవ వేగం పెరిగింది. ముసలమ్మ మాత్రం వాకిట్లో కూర్చున్నంత నింపాదిగా, “వంట బాగా చేసేదా?” అని అడిగింది.

“లేదు. ఉప్పు కుమ్మరించేది. అదేమంటే, గోదారి నీళ్ళు తాగేవాడివి నీకేం తెలుసు ఉప్పు సంగతి అనేది.”

అంత భయంలోనూ ఎవరో కిసుక్కున నవ్వారు. పోలయ్య కూడా నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది. నూకాలు పోయాక అతను ఏడవడం అదే మొదలు.

“ఒక మాట అడుగుతాను, కోప్పడకు. వీళ్ళందరినీ ఎందుకు తీసుకుపోతున్నావు?”

“తెలియాలి! నా కడుపుమంట వీళ్ళకి తెలియాలి!”

“ఇప్పుడిప్పుడే కదా తెలుస్తోంది. మునిగిపోయినవాళ్ళకి ఏం తెలుస్తుంది చెప్పు? నూకాలు అని పలకగలిగిన నోళ్ళు ఈ పడవలోనే ఉన్నాయి. వాటిని నీళ్ళతో నింపేస్తే రేపు ఆ పేరు ఎవరంటారు? అసలు నువ్వే పోతే, ఆ ఉప్పు సంగతి ఇంకెవరికి తెలుసు? నీ భార్యని ఇంకోసారి పూడ్చిపెడతానంటున్నావు బాబూ.”

అందరూ చూస్తూ ఉండగానే పోలయ్య గెడను నీటిలోకి దించి, ఒళ్ళంతా బరువు వేసి అడుగున గుచ్చాడు. “అందరూ కుడి పక్కకు ఒరగండి!” అని కేక వేశాడు. పడవ సుడిలోకి పోకుండా పక్కకు తిరిగి బండకు గుద్దుకుంది. పలకలు పగిలాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అందరూ బండ మీదికి పాకారు. అందరినీ పైకి తోసి, చివరగా పోలయ్య ఎక్కాడు.

అప్పుడు ముసలమ్మ కోసం వెతికారు. కనిపించలేదు. శెట్టి ఆమె మునసబుగారి బంధువనుకున్నాడు. మునసబు ఆమె అచ్చియ్యమ్మకు అత్త వరస అనుకున్నాడు. ప్రతివాళ్ళూ ఆమె పక్కవాళ్ళ మనిషనుకున్నారు. నిజానికి ఆమె ఎవరికీ తెలియదు.

జాలరులు వచ్చి అందరినీ ఒడ్డుకు చేర్చారు. పోలయ్యను చెట్టుకు కట్టేయాలన్నాడు శెట్టి. మునసబు ఒప్పుకోలేదు. అలాగని తప్పును మాఫీ చేయనూ లేదు. “పిల్లలూ ముసలివాళ్ళూ ఉన్న పడవరా అది. నీ దుఃఖం ఎంత పెద్దదైనా వాళ్ళ ప్రాణాలు నీవి కావు. ఇక ఈ రేవులో నువ్వు పడవ నడపకూడదు,” అని తీర్పు చెప్పాడు. పోలయ్య చేతులు జోడించి ఒప్పుకున్నాడు. ఆ మాట చెప్పిన మునసబే, తడి బట్టలతోనే, నేరుగా అతని గుడిసెకు నడిచి వాకిట్లో మట్టి మీద కూర్చున్నాడు. అతని వెనకే ఊరు వచ్చింది. అచ్చియ్యమ్మ గంజి కాచి తెచ్చింది. నూకాలు ఎలా పోయిందో పోలయ్య మొదటి నుంచీ చెప్పాడు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం అతను ఒడ్డున కునుకు తీస్తుండగా ముసలమ్మ కలలో కనిపించింది. “బండ పడమటి కొనన ఇసుకలో ఉన్నాను. నన్ను పైకి తీసి కూర్చోబెట్టు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు నాకంటే ముందు నన్ను చేర్చేవాడిని పలకరించి రావాలి,” అని చెప్పింది. తవ్వితే ఇప్పుడు మనం పూజిస్తున్న మూర్తి బయటపడింది. పోలయ్య జాలరుల పడవల్లో రాళ్ళు చేరవేసి గుడి కట్టించాడు. పండు ముసలివాడయ్యేదాకా అమ్మవారికి దీపం పెట్టాడు. నూకాలు గురించి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతూనే ఉన్నాడు.

ఇప్పటికీ ఈ రేవులో పడవను ఒక్క మనిషి చేతిలో పెట్టరు. ఇద్దరు ఉండాలి. బయలుదేరే ముందు యాత్రికులలో పెద్దవారు ఆ ఇద్దరినీ పేరు పెట్టి పిలిచి, “ఇంట్లో అంతా బాగున్నారా?” అని అడుగుతారు. అబద్ధం చెప్పకూడదని కట్టడి. బాగోలేదంటే పడవ కదలదు. మొన్న మాఘమాసంలో అవతలి ఒడ్డుకు వెళ్తున్న పెళ్ళివారు అడిగినప్పుడు సత్తిబాబు అనే పడవ మనిషి, “బాగోలేదండి, మా తమ్ముడు పోయాడు,” అన్నాడు. పెళ్ళికూతురు పీటల మీది చీరతోనే ఇసుకలో కూర్చుంది. ముహూర్తం దాటిపోతుందని పురోహితుడు గుర్తుచేస్తే, “ఇంకోటి చూడండి పంతులుగారూ,” అంది. సత్తిబాబు చెప్పుకోవలసిందంతా చెప్పుకున్నాక, అతన్ని కూడా పెళ్ళికి తీసుకుపోయారు.

ఇక్కడికి వచ్చి వెళ్ళినవారి ఇంట్లో ఎవరి దుఃఖమూ దిక్కులేనిది కాదని ఈ ప్రాంతంవారి నమ్మకం. యాత్రికులలో ఎవరికైనా బతుకు మీద ఆశ పోయినా, మనసులో ఎవరినైనా నాశనం చేయాలన్నంత మంట ఉన్నా, పడవ ఎక్కకముందే ఒడ్డున ఉన్నవారితో చెప్పాలి. ఎంతసేపు పట్టినా ఫరవాలేదు. చెప్పేవారు ఒక్కరున్నా దర్శనం వేళ పొడిగించాలని పూజారికి తరతరాలుగా ఆజ్ఞ ఉంది.