గున్నమ్మ పరికి కంప

మీ తాతల తాతలు ఇంకా పాకుతున్న రోజుల్లో, అనగనగా ఒక ఊళ్ళో గున్నమ్మ అనే ఒంటరి ముసలమ్మ ఉండేది. ఆమెకున్నదల్లా ఒక పాక, పాక వెనక పెరడు, పెరట్లో ఒక పరికి కంప. కంప నిండా ముళ్ళు. ముళ్ళ మధ్య చిట్టిచిట్టి నల్లటి పళ్ళు, పుల్లపుల్లగా తియ్యతియ్యగా. కూలి దొరకని పూట అవే ఆమెకు కూడు.

ఆ ఏడు ఊరి పెద్ద సింహాద్రి నాయుడికి పక్క ఊరిని మించాలని పిచ్చి పట్టింది.

"అమ్మవారి పండక్కి ప్రతి పెరడూ అద్దంలా ఉండాల. ముళ్ళకంప అన్నది కనపడకూడదు!" అని చాటింపు వేయించాడు.

ఇక చూడండి, ఇంటింటా కత్తులు లేచాయి. ఊరంతా గుండు కొట్టించుకున్నట్టు బోడిగా అయింది, గున్నమ్మ పెరడు తప్ప.

మొదటి రోజు నాయుడు వచ్చాడు. "కంప కొట్టెయ్."

"కొట్టను బాబూ. అది నా కూడు."

రెండో రోజు వచ్చాడు. "కంపా, పాకా? ఏది కావాల నీకు?"

"రెండూ కావాల బాబూ. కంప కొట్టను."

మూడో రోజు, సరిగ్గా పండగ నాడు, గొడ్డలితో వచ్చాడు. గున్నమ్మ వెళ్ళి కంపకు అడ్డంగా చతికిలబడింది.

"ముందు నన్ను కొట్టు!"

నాయుడు గొడ్డలి ఎత్తాడు. అప్పుడే గుడి దగ్గర డప్పులు టక్కున ఆగిపోయాయి. పూజారి కేక ఊరంతా వినిపించింది.

"ఓరి నాయనో! అమ్మవారి పళ్ళెంలో పరికి పళ్ళేవిరా?"

మనిషి నాటని, మనిషి నీళ్ళు పోయని పండు మాత్రమే ఆ తల్లికి మొదటి నైవేద్యం. ఏటా ఎవరో ఒకరు ఏదో ఒక కంచెలోంచి కోసుకొచ్చేవారు. కంపలన్నీ నరికేటప్పుడు ఆ సంగతి ఒక్క బుర్రకైనా తట్టాలి కదా!

ఇంకేముంది, పరుగో పరుగు! పూజారి, డప్పులవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, వాళ్ళ వెనక కుక్కలు, అందరూ గున్నమ్మ పెరట్లోకే. నాయుడి చేతిలోంచి గొడ్డలి జారిపోయింది.

"తల్లీ, పళ్ళు పెట్టవే" అన్నాడు.

గున్నమ్మ సంతోషం పట్టలేకపోయింది. చేతులు గీరుకుపోతున్నా గబగబా కోసింది. ఒక దోసిలి అమ్మవారికి. ఒక దోసిలి పిల్లలకి. మూడో దోసిలి దగ్గర ఆగిపోయింది.

"అవి కూడా కొయ్యవే!" అన్నాడు నాయుడు.

"బాగుంది బాబూ, కంప నాటిన పిట్టలకి అక్కర్లేదేటి?"

గున్నమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఆ ఊళ్ళో మాత్రం ఈనాటికీ ప్రతి పెరట్లో ఒక మూల పరికి కంపను వదిలేస్తారు, దానికి కత్తి పెట్టరు. అక్కడ పళ్ళు కోస్తుంటే ముల్లు గుచ్చుకుందా, పిల్లలు "అమ్మా" అనరు. "గున్నమ్మా!" అని అరుస్తారు. అరిచి, మళ్ళీ కంపలోనే చెయ్యి పెడతారు.