వాటాకొచ్చిన స్పానిష్

మిర్చి యార్డు వెనకవీధిలో తమంత తెలివైన కుటుంబం భూమ్మీద మరోటి లేదని పేరిందేవి చెబుతుంది. మొగుడు బసవపున్నయ్య ఔనంటాడు, తమ్ముడు కోటిలింగం ఔనౌనంటాడు. ముగ్గురూ కలిసి ఎండుమిర్చి వ్యాపారం చేస్తారు. వాళ్ళ గోడౌన్లో సరుకు ఎంతుందంటే, ఆ వీధిన పోయే గాలి కూడా తుమ్ముకుంటూ పోతుంది. అదంతా స్పెయిన్ నుంచి వచ్చే దొర కొనాలి. కొనకపోతే వానలొచ్చి బూజు పట్టిపోతుంది. పేరిందేవికి అదే బెంగ.

దొరతో మాట్లాడాలని స్పానిష్ మాస్టారిని పెట్టుకున్నారు. ఆయన ఆరు మాటలు చెప్పి, “మీరు భాగస్వాములు కదా, సమానంగా పంచుకుని నేర్చుకోండి” అని వెళ్ళాడు.

అంతే, పంచేసుకున్నారు. నమస్కారం చెప్పే ‘ఓలా’, నీళ్ళనే ‘ఆగువా’ కోటిలింగానికి. కాదనే ‘నో’, వెళ్ళొస్తాననే ‘అదియోస్’ బసవపున్నయ్యకి. ఔననే ‘సీ’, మీ మేలు మరువలేననే ‘గ్రాసియాస్’ పేరిందేవికి. ఒకరి మాట ఇంకొకరు ముట్టుకోకూడదని ఒట్టేసుకున్నారు. బసవపున్నయ్య నిద్రలో ‘సీ’ అని గొణిగాడని పేరిందేవి ఆ పూట అన్నం పెట్టలేదు.

ఇంతలో వర్తకుల క్లబ్బు సెక్రెటరీ చలమయ్య వచ్చాడు. “దొరకి క్లబ్బులో విందు చేస్తున్నాం. మా మెంబర్లకీ ఒక మాట కావాలి” అన్నాడు. కోటిలింగానిది జాలిగుండె. ‘ఆగువా’ ఇచ్చేశాడు.

దొర గోడౌనుకి రానే వచ్చాడు. కోటిలింగం ‘ఓలా’ అన్నాడు. దొర మురిసిపోయి, మిరపకాయ తీసి కసుక్కున కొరికాడు. ఇంకేముంది, ముఖం దానిమ్మపువ్వయింది, చెవుల్లోంచి పొగలొచ్చాయి, “ఆగువా, ఆగువా” అని గెంతసాగాడు.

“ఏమంటున్నాడ్రా తమ్ముడూ?”

“నిన్నటిదాకా తెలుసక్కా. క్లబ్బుకిచ్చేశాను కదా, ఇవాళ తెలియకూడదు.”

“ఆగువా?” అని దొర పేరిందేవికి చేతులు జోడించాడు. “సీ” అంది ఆమె ఠీవిగా, నుంచున్న చోటినుంచి కదలకుండా. బసవపున్నయ్య వైపు తిరిగాడు. “నో” అన్నాడాయన. దొర ఇద్దర్నీ మార్చిమార్చి చూసి, పరుగెత్తి గేదెల తొట్టిలో తల ముంచాడు. తొట్టి అడుగంటేదాకా పైకి లేవలేదు.

లేచాక పగలబడి నవ్వాడు. ఇంత కారం కోసమే సముద్రాలు దాటొచ్చానన్నట్టు బస్తాలన్నీ చూపించి, గుండెల మీద చెయ్యేసుకుని, ఒకటే సైగలు. పేరిందేవి నాలుక చివర ‘సీ’ గంతులేస్తోంది.

“ఏమేవ్, ఆగు” అన్నాడు బసవపున్నయ్య. “పొద్దుట్నించీ ఆ ‘నో’ పట్టుకుని నా నోరు చేదెక్కింది. బేరం కుదిరేప్పుడు ‘సీ’ నేనంటాను. మార్చుకుందాం.”

“మార్చుకున్నాక మళ్ళీ తిరిగిమ్మనకూడదు.”

“అననులే.”

కోటిలింగం సాక్షిగా మార్చుకున్నారు. అంతలో దొర, ఆ ఇంటి పెత్తనం ఎవరిదో పసిగట్టినట్టు, తిన్నగా పేరిందేవి ముందుకే వచ్చి, బస్తాలు చూపించి, తల వంచి అడిగాడు.

పేరిందేవి మిర్చి వంక చూసింది. పైన మబ్బుల వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఒప్పందం ఒప్పందమే.

“నో” అంది.

దొర ముఖం వాడిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, చివరి ఆశతో బసవపున్నయ్యని చూసి, “అదియోస్?” అన్నాడు.

“సీ” అన్నాడు బసవపున్నయ్య, వీధంతా దద్దరిల్లేట్టు.

కారు కదిలింది.

“చూశావుటే, నా ‘అదియోస్’ వాడుకుని పోతున్నాడు” అన్నాడు బసవపున్నయ్య.

“పోనివ్వండి. నా వాటాలో ఇంకోటి మిగిలింది, అదెందుకు వృథా చేసుకోవాలి” అని పేరిందేవి చెంగు బిగించి, కారు వెనకాల పరుగు లంకించుకుంది.

“గ్రాసియాస్, గ్రాసియాస్” అని ఊరి పొలిమేర దాకా అరుస్తూనే ఉంది.