నూకయ్య పడవ ఏ ఊరిది?

ఏటి తల్లికి ఒక దణ్ణం పెట్టి చెబుతున్నాను, కాస్త దగ్గరికి జరిగి వినండి.

పూర్వం ఒక ఊరు ఏటికి రెండు ఒడ్డుల మీదా ఉండేది. ఊరి పెద్దను జనమే ఎన్నుకునేవారు. ఎన్నిక పట్టీలో పేరున్నవాళ్లే కుండలో తాటాకు వెయ్యాలి. పట్టీ రాసేది కరణం జోగిపంతులు. ఎన్నిక ముగిసేలోగా ఆ పట్టీ ఊరి పొలిమేర దాటితే కరణం ఉద్యోగం ఊడుతుందని రాజుగారి ఆజ్ఞ.

పడవ నడిపే నూకయ్య వెళ్లి తన పేరు రాయమన్నాడు.

"ఇల్లెక్కడ్రా?" అన్నాడు కరణం.

"పడవేనండి. పుట్టిందీ, పెళ్లాడిందీ అందులోనే."

"అయితే నువ్వు ఈ ఒడ్డువాడివీ కావు, ఆ ఒడ్డువాడివీ కావు. ఏరు ఊరు కాదు. నీకు ఓటు లేదు, పో!"

నూకయ్య దేవుడి మీద భారం వేసి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆ పట్టీని అవతలి ఒడ్డున చదివి వినిపించాలి. కరణం దాన్ని చంకన పెట్టుకుని పడవెక్కి కూర్చున్నాడు. నూకయ్య గెడ పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"తొయ్యరా!"

"తోస్తానండి. కానీ బాబూ, ఏరు ఊరు కాదన్నారు కదా. ఒడ్డు వదిలామంటే పట్టీ పొలిమేర దాటినట్టే గదండీ?"

రేవులో జనమంతా విన్నారు. కరణం ఏటికేసి చూశాడు, జనం కేసి చూశాడు, చివరికి పట్టీ విప్పి గంటం తీశాడు.

"ఏరూ ఊరిదేలే," అని గొణిగి, "పేరు నూకయ్య. ఇల్లు?" అన్నాడు అలవాటుగా.

"తమరు కూర్చున్నదేనండి," అన్నాడు నూకయ్య. "ఈసారి వచ్చినప్పుడు చెప్పులు బయట విడవండి."