ఎవరికైనా అభ్యంతరమా?

నాలో ఒక మంచి గుణం ఉంది. ఏ పనైనా నలుగురినీ అడగందే చెయ్యను. "ఎవరికైనా అభ్యంతరమా?" అంటాను, ఎవరూ మాట్లాడరు, పని మొదలుపెడతాను. మా డిగ్రీ కాలేజీలో ఇంతటి ప్రజాస్వామ్యవాదిని నేనొక్కడినేనని నా నమ్మకం. ఆ సంగతీ ఒకసారి నలుగురిలో అడిగాను. ఎవరూ కాదనలేదు.

అందుకే, పంచాయతీ ఎన్నికల మీద మీరు చేసిన పరిశోధనకు ఒక వెబ్‌సైట్ తయారుచెయ్యండిరా అని జాన్ విక్టర్ మాస్టారు అన్నప్పుడు, పగ్గాలు వాటంతటవే నా చేతికొచ్చాయి. ఫోన్లో వీడియోలు చూసి నేర్చిన విద్య. పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలుసు.

"అడ్మిన్ గారూ, తమరు లేకపోతే ప్రజాస్వామ్యం తెరుచుకోదండీ," అనేవాడు తిరపతయ్య. దాన్నీ పొగడ్త కిందే వేసుకున్నాను.

మేం నలుగురం, నాలుగు ఊళ్ళు. ఎవరి ఊరి ఎన్నికల కథ వాళ్ళు రాయాలి. నాది, తిరపతయ్యది, ప్రసూనది చకచకా అయిపోయాయి. బొమ్మలు, రంగులు, శాతాలు.

హుసేనమ్మ ఆలస్యంగా తెచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఓటింగే జరగదు. ఎప్పుడూ ఏకగ్రీవమే. ఒక్కరే నిలబడతారు, ఆయనే సర్పంచ్. ఒక్కసారి మాత్రం వాళ్ళమ్మ నామినేషన్ వేసింది. పొద్దుగూకేలోపు వెనక్కి తీసుకుంది. ఆ మధ్యలో ఇంటికి ఎవరెవరొచ్చారు, ఏం మాట్లాడి వెళ్ళారు, ఆ తర్వాత వాళ్ళమ్మ పొయ్యి దగ్గర ఎట్లా కూర్చుండిపోయింది, అదే ఆమె పేజీ. ఒక్క బొమ్మ లేదు.

చదివాక నాకు అన్నం సయించలేదు. నాకు నచ్చనిదీ అదే. సైటు చూస్తే జనానికి ఉత్సాహం రావాలి కదా!

"ఇది మరీ పొడుగైంది, ఫోన్లో ఇమడదు," అన్నాను. "తీసేద్దాం. ఎవరికైనా అభ్యంతరమా?"

ప్రసూన గోళ్ళు చూసుకుంది. తిరపతయ్య గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. హుసేనమ్మ నా వైపు చూసింది. మర్యాదకి ఒక్క క్షణం ఆగాను. తీసేశాను.

మర్నాటి నుంచి ఆమె కాలేజీకి రాలేదు.

కొన్నాళ్ళకు మాస్టారు సైటు చూడ్డానికొచ్చారు. రేకుల గది. మబ్బు పట్టి వాన పడనంటోంది, కరెంటు లేదు. కిటికీల్లోంచి వచ్చే గాలే దిక్కు.

"హుసేనమ్మ పేజీ ఏదిరా?"

"అందరం కలిసే తీసేశాం సార్. ఏకగ్రీవంగా."

మాస్టారు లేచి ఒక కిటికీ మూశారు. రెండోదీ మూశారు. తలుపు దగ్గరకు వేసి, వచ్చి కూర్చుని, మా ఊరి పేజీ చదవసాగారు. నిదానంగా, ఒక్కో శాతం దగ్గరా ఆగి.

చొక్కాలు వీపులకు అంటుకున్నాయి. ప్రసూన చున్నీతో విసురుకుంది. తిరపతయ్య నన్ను మోచేత్తో పొడిచాడు. నేను నేల వైపు చూశాను. మాస్టారి గడ్డం మీంచి చెమట బొట్టు జారి బల్ల మీద పడింది. ఆయన దాన్ని తుడవలేదు.

చివరికి తలెత్తారు. "ఉక్కగా లేదూ?"

"ఉంది సార్."

"మరి అనలేదే?"

"మూసింది మీరు కదా సార్. ఎట్లా అంటాం?"

ఆయన ల్యాప్‌టాప్ నా వైపు జరిపారు.

"రాసుకో. కిటికీలు మూయడం ఏకగ్రీవం."

ఆయన వెళ్ళిపోయారు. కిటికీలు తెరవడానికి మాలో ఎవరూ లేవలేదు.

ఆ సాయంత్రం హుసేనమ్మకు ఫోన్ చేశాను. నీ పేజీ తిరిగి పెట్టేస్తానన్నాను.

"వద్దులే," అంది. "పేజీ లేదని అమ్మకు చెప్పాల్సొచ్చింది. 'నువ్వు కూడా వెనక్కి తీసుకున్నావా' అంది."

"తీసింది నేనని చెప్పకపోయావా?"

"అప్పుడు నామినేషన్ వెనక్కి తీసుకున్న కాగితం మీద సంతకం పెట్టింది కూడా అమ్మేగా," అని ఫోన్ పెట్టేసింది.

సైటు ఇప్పటికీ ఉంది. నాలుగో ఊరి పేరు నొక్కితే తెల్ల పేజీ వస్తుంది. పాస్‌వర్డ్ అందరికీ పంపాను. హుసేనమ్మ ఒక్కసారీ తెరవలేదు.

ఇప్పుడూ నేను ఏ పనికైనా "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడుగుతూనే ఉన్నాను. అడిగాక ఆగుతున్నాను కూడా. ఎంతసేపు ఆగాలో మాత్రం నాకింకా తెలియలేదు.