ధర్మరేవు డిప్పన్న

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక వాగు. ఆ వాగు దాటించే తాబేలు ఒకటి, పేరు డిప్పన్న. ఆ నీటి వడికి ఈదలేని ఎలుకలు, ఉడతలు, తొండలు అతని వీపెక్కి అవతలి గట్టుకు పోయేవి. అక్కడ నేరేడు చెట్లున్నాయి మరి. కడుపునిండా తిని, పొద్దు వాలకముందే మళ్ళీ అతని వీపెక్కి ఇళ్ళకు చేరేవి. గట్టెక్కాక తలకో నేరేడుపండు కిరాయి ఇచ్చేవి.

డిప్పన్న తాతల నాటి నుంచి ఆ రేవుకో కట్టుబాటు ఉంది. వీపు మీద ముగ్గురికి మించి ఎక్కించకూడదు. కొండల్లో వాన పడి వాగు ఎర్రబడితే ఆ పూట రేవు కట్టెయ్యాలి. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎవరూ మునగలేదు గనక అడగాల్సిన పని పడలేదు.

ఆ ఏడు నేరేళ్ళు విరగకాశాయి. రేవులో జనం బారులు తీరారు. డిప్పన్నకు వాళ్ళ కాళ్ళ నొప్పులు కనపడలేదు, రావలసిన పండ్లు కనపడ్డాయి. ఒక్కసారే ఆరుగురిని ఎక్కిస్తేనో అనిపించింది. కానీ తాత మాట గుర్తొచ్చి మనసు ఒప్పలేదు.

మనసు ఒప్పనప్పుడు ఏం చేస్తారో తెలుసుగా పిల్లలూ? పెద్దవాళ్ళను అడుగుతారు. అది కూడా, ఎవరు సరేనంటారో చూసుకుని మరీ అడుగుతారు.

వాగు మలుపులో ధవళాచారి అనే కొంగ ఉండేవాడు. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని, వచ్చినవాళ్ళకు ధర్మశాస్త్రం చెప్పేవాడు. ఎక్కడెక్కడి సిద్ధాంతాలో ఆయనకు నోటికి వచ్చు. సలహాకు గుప్పెడు నత్తలు పుచ్చుకునేవాడు. కొంగ జపం దేనికో చేపలకు బాగా తెలుసు గానీ, డిప్పన్న చేప కాదుగా.

డిప్పన్న నత్తలు ముందు పెట్టి సంగతి చెప్పాడు.

"నాయనా, ఎక్కువమందికి సుఖం కలిగించేదే ధర్మం," అన్నాడు ధవళాచారి. "ముగ్గురు సుఖపడితే గొప్పా, ఆరుగురు సుఖపడితే గొప్పా?"

"ఆరుగురే గురువుగారూ."

"మరి ముగ్గురితో సరిపెట్టడం పాపం కాదూ?"

డిప్పన్న గుండె తేలికపడింది. పాపం మా తాతలు ఇన్నేళ్ళూ తెలియక పాపం చేశారే అని జాలిపడ్డాడు కూడా.

మర్నాటి నుంచి ఆరుగురు. వీపు సగం నీళ్ళలోకి దిగింది. ఎక్కినవాళ్ళంతా నడుం దాకా తడిశారు. ఉడతలు తోకలు పిండుకుంటూ సణిగాయి. డిప్పన్న మళ్ళీ నత్తలు పట్టుకుని మలుపు దగ్గరికి పోయాడు. ధవళాచారి ఈసారి రెండో సిద్ధాంతం తీశాడు. అందరికీ ఒకే నియమం ఉంటే అదే న్యాయమట. వీపు మీద కొందరే తడుస్తున్నారా, అందరూ తడుస్తున్నారా అని అడిగాడు. అందరూ తడుస్తున్నారని డిప్పన్న ఒప్పుకున్నాడు. అయితే నీలో పక్షపాతం లేదు, నిక్షేపంగా ఎనిమిది మందిని ఎక్కించుకోమన్నాడు ఆచారి. డిప్పన్న ఒక టేకాకు మీద 'ఇచ్చట ఎవరికీ పక్షపాతము చూపబడదు' అని గీయించి రేవులో వేలాడదీశాడు.

ఎనిమిది మంది ఎక్కిన మూడో రోజున ఒక ముసలి తొండ జారి నీళ్ళలో పడింది. ఎలాగో తేలి గట్టెక్కింది గానీ, ఆ పూట కిరాయి పండ్లను డిప్పన్న తినకుండా పక్కన పెట్టేశాడు. మూడోసారి నత్తలు పట్టుకుపోయాడు.

ధవళాచారి మూడో సిద్ధాంతం చెప్పాడు. పనిని కాదట, పని చేసేవాడి గుణాన్ని చూడాలట. మంచివాడు ఏం చేసినా మంచే అవుతుందట. నేను మంచివాణ్ణేనా అని డిప్పన్న కాస్త అనుమానంగా అడిగాడు. దానికేం భాగ్యం, మీ రేవు దగ్గర తిరిగే కుంటి కౌజుపిట్టకు రోజూ రెండు పండ్లు పెట్టు, కాకపోతే నలుగురూ చూస్తుండగా పెట్టు అన్నాడు ఆచారి. డిప్పన్న అలాగే పెట్టాడు. చూసినవాళ్ళు చేతులు జోడించారు. ఆ రేవుకు ధర్మరేవు అనే పేరొచ్చింది. ఆ పేరు విని దూరం నుంచి కూడా రావడం మొదలెట్టారు.

ఒకనాడు మధ్యాహ్నం దాటాక కొండల మీద మబ్బు కమ్మింది. వాగు ఎర్రగా తిరిగింది. నేరేళ్ళు తిన్న పదకొండు మంది ఇళ్ళకు పోవాలని అవతలి గట్టున నిలబడ్డారు. వాళ్ళలో నూకాలు అనే చిట్టెలుక ఉంది, ముగ్గురు పిల్లలతో.

"డిప్పన్న మామా, నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఈ పూటకి ఇక్కడే ఏ పొదలోనో తలదాచుకుంటాం లే," అంది నూకాలు.

డిప్పన్న నీళ్ళలో కాలు పెట్టి చూశాడు. వెంటనే వెనక్కి తీసుకున్నాడు. ఈ పూట ఉండిపోతే కిరాయికని దాచిన పండ్లు వీళ్ళే తినేస్తారు, అది కూడా గుర్తొచ్చింది. అదే గట్టు మీద ధవళాచారి కూడా ఉన్నాడు. పోవచ్చునా గురువుగారూ అని అడిగాడు. పదకొండు మంది ఇల్లు చేరతారు, అది సుఖం. అందరికీ ఒకే వీపు, అది న్యాయం. దాటించేవాడు దాత, అది గుణం. మూడు సిద్ధాంతాలూ పొమ్మంటున్నాయి అన్నాడు ఆచారి.

"అయితే మీరూ నా వీపెక్కండి. మీరుంటే వీళ్ళకి ధైర్యంగా ఉంటుంది."

ధవళాచారి వాగుకేసి ఒకసారి చూశాడు. "నాకు రెక్కలున్నాయి కదా నాయనా," అని ఎగిరి ఇవతలి గట్టున వాలాడు.

అప్పటికైనా డిప్పన్న ఆగాల్సింది. ఆగలేదు. ధర్మరేవునే నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతాం అనుకుని నూకాలు పిల్లల్ని ఎక్కించింది.

నడివాగులో ఒక దుంగ కొట్టుకొచ్చి తగిలింది. డిప్పన్న ఒక పక్కకు ఒరిగాడు. పదకొండు మందీ నీళ్ళలో పడ్డారు. ఉడతలకు ఒక కొమ్మ దొరికింది. నీటికుక్కలు వచ్చి దొరికినవాళ్ళను దొరికినట్టు గట్టుకు లాగాయి. నూకాలు ఒక పిల్లను నోట కరుచుకుంది, ఇంకో పిల్ల తల్లి తోక పట్టుకుంది. మూడోది కనపడలేదు.

తెల్లవారాక ఆ పిల్ల దిగువన తుంగలో దొరికింది. ప్రాణం ఉంది. వెనక కాలు మాత్రం నలిగిపోయింది. ఆ కాలితో అది మళ్ళీ పరుగెత్తలేదు.

ధవళాచారి పొద్దున్నే డిప్పన్న దగ్గరికి వచ్చాడు. ఎక్కినవాళ్ళకూ బాధ్యత ఉంటుందని ఇంకో సిద్ధాంతం ఉంది, దానికి నత్తలు కాస్త ఎక్కువవుతాయి అన్నాడు. డిప్పన్న దాచిన పండ్లన్నీ మోసుకుని నూకాలు బొరియ దగ్గరికి వెళ్ళాడు. నూకాలు పండ్లు ముట్టుకోలేదు.

"నా పిల్లలు ఎక్కుతున్నప్పుడు నీకు భయం వేసిందా మామా?" అని అడిగింది.

"వేసింది," అన్నాడు డిప్పన్న.

"మొదటిసారి ఆరుగురిని ఎక్కించినప్పుడు?"

"అప్పుడూ వేసింది."

"మరి ఏం చెయ్యాలో నీకు ముందే తెలుసు. ఇంక ఆ కొంగను అడగటం దేనికి?"

డిప్పన్న తల డిప్పలోకి లాక్కున్నాడు. ఆ ఏడు మిగిలిన నేరేళ్ళు అవతలి గట్టునే రాలిపోయాయి. దాటించడానికి అతను సిద్ధంగానే ఉన్నాడు. వీపెక్కడానికి ఒక్కరూ రాలేదు.

నీతి: తప్పని తెలిసిన పనికి సిద్ధాంతం వెతికితే తప్పక దొరుకుతుంది, మునిగేది మాత్రం మనల్ని నమ్మి ఎక్కినవాళ్ళు.